శ్మశానము సమవర్తియా?

అమరకోశమున యముని పేళ్లలో 'సమవర్తి' యనునది యొకటి. రాజనక రైతనక, పండితుడనక పామరుడనక, యందఱియెడను నొక్కరీతిగా వర్తించువాడు గనుక ఆ పేరు వచ్చినది. ఈ యొక్క మాటను బట్టుకొని కవులును, పౌరాణికులును, వేదాంతోపన్యాసకులును శ్మశానమును సమత్వమునకు బుట్టినిల్లుగా వర్ణించుచు వచ్చిరి. చచ్చినవారిలో నెక్కువ తక్కువలు లేవనుట మన యిండ్లలో సామెతవలె వాడుకయైనది. ఎవరి యింటనైన మరణము సంభవించినపుడు పరామర్శకు వచ్చినవారు పలుకు మాటలలో నిదియు నొకటి. ఈ మాట యెంతవఱకు నిజము? యముడు సమవర్తి యగుగాక. ఆయన పని ముగిసిన తరువాత శరీరము మనుష్యుల చేతికి వచ్చును గదా! ఆ మనుష్యులు సమవర్తులా? ప్రసిద్ధులైనవారి సమాధులను కొన్నింటిని, గ్రంథములను విమర్శించునట్లే విమర్శించి, యీ ప్రశ్నకు సమాధానము వెదకుట మా యుద్దేశము.

ఆంగ్లసాహిత్యము నభ్యసించిన మనవారిలో థామస్ గ్రే కవి 1751 వ సంవత్సరమున బ్రకటించిన గ్రామశ్మశాన విలాపకావ్యము నెఱుగనివా రరుదు. సాయంకాలమున నొక పల్లెటూరి చర్చి యావరణమున నిలుచుండి, పేరు ప్రతిష్ఠలు లేని వారి గోరీలను జూచి, యీ మట్టిక్రింద నెంతటి కవి, యెంతటి దేశనాయకుడు, చదువులేక, దారిద్ర్యముచే నణగి, వ్యర్థమై పోయెనో యని కవి చింతించును. గొప్పవారి పాలరాతి కట్టడములు పోయిన ప్రాణమును దిరిగి తేజాలవని మందలించును. ఈ భాగము నేటికిని మనస్సును గదలించును. కాని తరువాత కవి చేసిన దేమి? దారిద్ర్యము ఆ పల్లెవారి గుణములనే గాక దోషములను గూడ నడ్డగించినది గనుక, వారు రక్తపాతముచే సింహాసన మెక్కువారు గాకుండ బ్రతికిరి గదా యని యూఱట జెప్పును. రోగమును జక్కగా నిదానించిన వైద్యుడు మందీయక, రోగియై యుండుటవలని లాభములను వర్ణించినట్లున్నది. చదువరి కన్నీరు దుడుచుకొని, పుస్తకము మూసి, నిశ్చింతగా నిద్రించును. మేమీ కావ్యమును బోధించుచుండగా నొక విద్యార్థి "అయ్యా, తరువాత ఆ యూర బడి పెట్టించిరా?" అని యడిగెను. పెద్దపెద్ద విమర్శలకంటె నీ చిన్నప్రశ్న మాకు విలువగా దోచినది. కావ్యము సుందరమే, కాని యది సమత్వమును బోధించుట లేదు, అసమత్వముతో రాజీపడుటను నేర్పుచున్నది.

ఆ కవి సమాధియు నీ విషయమునకు సాక్ష్యమిచ్చును. గ్రే 1771 లో మరణించెను. ఆయన కోరికచొప్పున స్టోక్ పోజెస్ అను పల్లెలోని చర్చి యావరణమున, తల్లిని పాతిపెట్టిన గోరీలోనే యాతనిని నుంచిరి. దానిపై పలకమీద నున్నవి తల్లిని, తల్లి తోబుట్టువును గూర్చి యాతడు వ్రాసిన మాటలే. ఆతని పేరు దానిపై లేదు. ఎదుటి చర్చిగోడకు బొదిగిన రాయి జూచి కవి యిచ్చటనే యున్నాడని తెలిసికొనవలెను. ఇంతవఱకు కావ్యమునకు దగినట్లే యున్నది. కాని 1778 లో వెస్ట్‌మినిస్టరు దేవాలయమున నాతని స్మారకము వెలసినది. 1799 లో జాన్ పెన్ అను భూస్వామి ఆ చర్చిప్రక్క పొలములో నెత్తైన పీఠమునుగట్టి, దానిపై శిలాశవపేటికను నిలిపి, ఆ కావ్యములోని పద్యములను జెక్కించెను. పేరులేనివారికై యేడ్చినవానికి బేరు నిలిచినది. ఎవరికై యేడ్చెనో వారు పేరులేకయే యున్నారు. ఇందు గ్రేను నిందింప బనిలేదు. చచ్చినవానిని గౌరవించుట బ్రతికియున్నవారి చేతిలోని పని యనియు, వారు తమకు నచ్చినవానినే గౌరవింతురనియు మాత్ర మిందువలన గ్రహింపవలెను.

ఇట్టి యెన్నిక యెట్లు జరుగునో గ్రేకు స్మారకమిచ్చిన ఆ వెస్ట్‌మినిస్టరు దేవాలయముననే చక్కగా గానవచ్చును. అందు దక్షిణపుటంగమున నొక భాగమునకు 'కవుల మూల' యని పేరు. అచ్చట స్థలము దొరకుట ఆంగ్లకవికి బరమపదప్రాప్తివంటి దని చాలమంది తలంపు. ఆ మూలకు మొదటివాడు ఛాసరు. 1400 లో ఆయన నచ్చట పాతిపెట్టినది కవియని కాదు. రాజుగారి కట్టడములపై నధికారిగా బనిచేసి, తుదిదినములలో దేవాలయపు టావరణములోని యింట అద్దెకుండినవా డగుటచే నాయన కాస్థలము దొరకినది. కవియని గౌరవించి పెద్ద సమాధి కట్టుట 1556 లో, అనగా నూటయేబదియాఱేండ్లకు, జరిగినది. మిల్టను 1674 లో మరణించెను. రాజునకు శిరశ్ఛేదము విధించిన పక్షమున గలము బట్టినవాడు గనుక నాయన పేరు వినుటయే ఆ దేవాలయాధికారులకు గిట్టదయ్యెను. వేఱొక కవి స్మారకముపై ప్రసంగవశమున మిల్టను పేరు రాగా, అప్పటి యధిపతి దానిని నిలువనీయలేదని సాముయేలు జాన్సను వ్రాసిన మిల్టను చరిత్రమున గలదు. మిల్టనునకు స్మారకము 1737 లో గాని రాలేదు. బైరను 1824 లో గ్రీసుదేశమున మరణింపగా నడవడి మంచిది కాదని తలుపు మూసిరి. ఆయన పేరిటి రాయి 1969 లో జేరినది.

వీరందఱికంటె నాలోచింపదగినది జార్జి ఎలియట్ కథ. పురుషనామముతో వ్రాసిన యీ విదుషీమణి అసలుపేరు మేరీ యాన్ ఇవాన్సు. ఆమె 1854 మొదలు 1878 వఱకు జార్జి హెన్రీ లూయిస్ అను రచయితతో గాపురము చేసెను. అప్పటి చట్టము ఆయనకు మొదటి వివాహమునుండి విడుదల నీయనందున వీరికి శాస్త్రోక్తమైన పెండ్లి లేదు. ఇరువదినాలు గేండ్ల యేకనిష్ఠయు వ్యభిచారమువలెనే లెక్కింపబడినది. 1880 లో నామె మరణించినపుడు కవుల మూలలో జోటు దొరకలేదు. హైగేటు శ్మశానమున లూయిస్ గోరీ సమీపమున నామెను బాతిపెట్టిరి. నూఱేండ్లకు, 1980 లో, ఆమె పేరిట నొక రాయిని కవుల మూలలో బఱచిరి. బైరను స్వేచ్ఛావర్తనమునకు, ఈమె గృహిణీధర్మమునకు నొకటే శిక్ష! ఈ సందర్భమున డికెన్సును గూడ దలచికొనవలెను. ఆడంబరములేని స్వల్పసంస్కారమే చాలుననియు, తనకు స్మారకము లెత్తవలదనియు మరణశాసనమున వ్రాసిన యాయనను 1870 లో దేశప్రతిష్ఠకొఱకు ఆ దేవాలయముననే పాతిపెట్టిరి. సంస్కారము మాత్రము నిరాడంబరముగా జరిపిరి. కోరినవారికి లేదు, వలదన్నవానికి గలదు. కాబట్టి కవుల మూలను కవిత్వమునకు దూనికఱాయిగా నెంచుట పొరపాటు. అది యాయాకాలములందు పెద్దమనుష్యుల భయములకును, ఇష్టాయిష్టములకును ఱాతిపై వ్రాసిన పట్టిక.

ఇంతవఱకు జెప్పినది గొప్పవారిలో గొప్పవారికి గల తారతమ్యము. ఇక గొప్పవారికిని, వారికై పాటుపడినవారికిని గల తారతమ్యమును జూతము. అమెరికాదేశపు మూడవ యధ్యక్షుడైన థామస్ జెఫర్సను 1826 లో మరణించెను. తన గోరీపై నేమి చెక్కవలెనో ఆయన ముందే వ్రాసియుంచెను. అధ్యక్షపదవి నందు బేర్కొనలేదు. స్వాతంత్ర్యప్రకటనమును, వర్జీనియా మతస్వాతంత్ర్యశాసనమును రచించుట, వర్జీనియా విశ్వవిద్యాలయమును స్థాపించుట, యీ మూడు పనులు మాత్రమే చెప్పించెను. పదవికంటె బనిని మిన్నగా నెంచిన యీ రచనను సమాధిశాసనములలో నుత్తమమని మేము తలంతుము. కాని ఉత్తమరచనకును విమర్శ తప్పదు. మనుష్యులందఱు సమానులని ప్రకటించిన ఆ మహానుభావుడు తన జీవితకాలమున ఆఱువందలమందికి మించి బానిసలను గలిగియుండెను. మాంటిచెల్లో కొండపై నాయన కుటుంబపు సమాధులకు చుట్టు ఇనుపకంచె గలదు. అదే యెస్టేటులో బానిసలను బాతిపెట్టిన చోటు, నలుబదికి బైగా గోరీలతో, సందర్శకుల బండ్లు నిలుచు స్థలము చెంత నుండినది; అది యిట్టిదని నిర్ధారణ యగుటకు నీ శతాబ్దపు టారంభము రావలసివచ్చినది. ఒక్కరి గోరీపై మూడుపనుల పేళ్లు. ఆ పనులకు దీరికను గల్పించినవారికి బేరు లేదు. ఒకే నేల, ఒకే మృత్యువు, రెండు శ్మశానములు.

తెల్లవారి విషయ మట్లుండగా, మనదేశపు సంఘసంస్కర్తలకు మార్గదర్శకుడైన రాజా రామమోహన రాయల సమాధిని జూతము. ఆయన 1831 లో నింగ్లండు చేరి, 1833 సెప్టెంబరు 27 న బ్రిస్టలు నగర సమీపమున స్టేపుల్టన్ గ్రోవ్ అను నింట మరణించెను. విగ్రహారాధనమును ఖండించిన యాయన శరీరముపై జందెము మరణకాలమున నుండెను. క్రైస్తవుల శ్మశానమున, క్రైస్తవవిధిచొప్పున దన్ను బాతిపెట్టినచో గులభ్రష్టుడైనట్లు స్వదేశమున వ్యాజ్యములు పుట్టి, కుమారుల యాస్తిహక్కునకు భంగము గలుగునని యాయన కోరిన జాగ్రత్త యది. అందుచే నక్టోబరు 18 న ఆ యింటితోటలో, చెట్లనడుమ, మంత్రములు గాని ప్రార్థనలు గాని లేకుండ, మౌనముగా నాయనను బాతిపెట్టిరి. ఆ మౌనమును గూర్చి యాలోచింపుడు. సహగమనమును మాన్పించుటకు జీవితమును ధారవోసి, యా నిషేధముపై సనాతనులు చేసికొన్న మనవిని 1832 లో ప్రీవీకౌన్సిలు త్రోసివేయుటను గన్నులార జూచిన ధీరుడు, చావులో మాత్రము కులమునకు భయపడవలసివచ్చినది. భయము తనకై గాదు, బ్రతికియున్న బిడ్డలకై. చచ్చినవానిపై గూడ కులము తన యధికారమును విడువదనుటకు నింతకంటె నిదర్శన మేమి? 1843 లో ద్వారకానాథ ఠాకూరు ఆ యస్థికలను ఆర్నోస్ వేల్ శ్మశానమునకు మార్పించి, మనదేశపు మంటపముల పోలికగా నొక ఛత్రమును గట్టించెను. ఏకేశ్వరవిశ్వాసమును, సహగమననిషేధమునకై చేసిన కృషిని దెలుపు శాసనము 1872 లో జేరినది. ఆయన చెప్పదలచినది చెప్పుటకు ఱాతికి నలుబది యేండ్లు పట్టినది.

మఱి మూడేండ్లకు, 1846 లో, ఆ ద్వారకానాథుడును లండనులోనే మరణించి కెన్సల్ గ్రీన్ శ్మశానమును జేరెను. ఆంధ్రులకు బరమాప్తుడైన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను శరీరమును 1884 లో నా నేలనే చేరినది. 1829 లో వేమన పద్యముల నచ్చొత్తించి, తాళపత్రగ్రంథములను వెదకి ప్రతులు వ్రాయించి, 1852 లో తెలుగు నిఘంటువును వెలువరించిన యాతని గోరీ యున్న చోటని తెలుగువారు దానిని భక్తితో దలతురు. అట్టి చోటను గూడ నధికారమతస్థులకు వేఱు భాగము, ఇతరమతస్థులకు వేఱు భాగము. రెండింటికి రెండు ప్రార్థనమందిరములు. రాజవంశీయులకు, ధనికులకు నడిబాటప్రక్కల విశాలమైన స్థలములు. కలిమి లేనివారికి దూరపు వరుసలు. నగరమున వీధు లెట్లు విభాగింపబడినవో మృతుల నగరమునను నట్లే.

"మనలో దహనము చేయువారే యెక్కువ గదా! ఱాళ్లు, గోరీలు నున్నవారికే యీ తారతమ్యములు. బూడిదకు భేదమేమి?" అని యొకరు మమ్మడుగవచ్చును. బూడిదకు భేదము లేదు. బూడిదయగు చోటునకు గలదు. మన గ్రామము లనేకములలో నొక కులమువారికొక శ్మశానము, వేఱొక కులమువారికి వేఱొకటి. ఒకటి చెఱువుగట్టున జెట్లనీడ నుండును. మఱియొకటి యూరికి దూరమున, వానకాలమున మునుగు వాగులో నుండును. కొన్నియెడల శవమును మోసికొనిపోవు దారిపైననే తగవు. పొలముగట్లమీదుగా బోరాదని యడ్డగించువారు గలరు. అందఱి చితులను బేర్చి కాల్చు కాటికాపరి చితి మాత్రము అందఱతోబాటు కాలుటకు వీలులేని యూళ్లు గలవు. ఇక స్త్రీలకు శ్మశానప్రవేశమే కూడదని మన యాచారము. పెంచిన కూతు రింటనుండగా, ముఖమెఱుగని దాయాదికొడుకును వెదకి తెచ్చి తలకొఱివి పెట్టింతుము. జార్జి ఎలియట్ కెదుట మూసిన తలుపును జూచి యాశ్చర్యపడువారు మన తలుపునుగూడ జూచుకొనవలెను.

శ్మశానమును గూర్చి తెలుగున బ్రఖ్యాతమైన పద్యములు గుఱ్ఱము జాషువ కవి 'శ్మశానవాటి' యను ఖండికలోనివి. హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో నటకులు వీనిని చేర్చి పాడుటచే నక్షరములు రానివారికి గూడ నివి కంఠస్థములైనవి. ఆ నేలపై రాజునకును, బేదకును నొకటే గతి యనియు, అంటరానితన మచ్చట నిలువజాలదనియు గవి భావము. ఇది గ్రే భావమే యని కొందఱందురు. మే మట్లు తలంపము. గ్రే శ్మశానమును బయటనుండి చూచిన దయాళువు. జాషువ యూరిచేత వెలిగా నుంచబడినవారిలో బుట్టి, యా యవమానమును జిన్నతనమునుండి యనుభవించినవాడు. గ్రే యూఱట జెప్పుచున్నాడు. జాషువ నేరము మోపుచున్నాడు. సమత్వము శ్మశానమున గలదని యతడు సంతోషించుట లేదు. బ్రతికియుండగా నెచ్చటను దొరకని దానిని చచ్చినచోటనైన వెదకవలసిన గతిని మాకు గల్పించితిరి గదా యని వినువారి ముఖమున నడుగుచున్నాడు. ఆ పద్యములను రాగాలాపనమునకు మెచ్చి చప్పట్లు కొట్టి, యింటికి బోవుత్రోవలో నా ప్రశ్నను మఱచువారు, కవిని సగమే వినినవారు.

వారు మఱచునది మఱియొకటి గలదు. ఆ పద్యములు పాడబడు రంగస్థలముననే జరుగు కథ యేమి? కుమారుని శవము నొడిలో నిడుకొనిన చంద్రమతిని, కాటిసుంకము చెల్లించినగాని చితి పేర్వనీయనని హరిశ్చంద్రుడు నిలదీయును. ఆమెవద్ద సుంకము లేదు. నాటకకర్త హరిశ్చంద్రుని సత్యమును జూపుటకు దీనిని వ్రాసెను. మేము దీనియందు లోకసత్యమును గూడ జూచుచున్నాము. రాజ్యము పోయిన రాణికి బిడ్డను దగులబెట్టుకొనుటకు నేల యుచితముగా లభింపలేదు. శ్మశానము సమమని పద్యము చెప్పుచుండగా, కాదని కథ చెప్పుచున్నది. ఈ రెండింటిలో మన గ్రామముల సంగతి కథవైపే యున్నది.

రాజ్యాంగము 1950 లో నమలునకు వచ్చి, యంటరానితనమును దన పదునేడవ యధికరణమున నిషేధించినది. 1955 లో జేసిన చట్టము, బావులను, చెఱువులను, దారులను బేర్కొన్నట్లే, శ్మశానములను గూడ బేరుపెట్టి చెప్పి, యంటరానితనము పేరిట వానిలో బ్రవేశము నిరాకరించుట శిక్షార్హమైన నేరమని విధించినది. చట్టము చేసినవారికి శ్మశానము సమముకాదని తెలియును. అది సహజముగనే సమమని పాడుకొనువారము మనమే. సహజముగ గలదనుకొన్నదానికై యెవరును బాటుపడరు గదా! ఆ మధురమైన సామెతవలని హాని యిదియే. చావువలన దానంతట వచ్చునని నమ్మిన సమత్వమును, బ్రతికియున్నవారు చేతులతో గల్పింపవలసియున్నది.

రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారికిని, ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారికిని సమాధులు గలవు. 1881 డిసెంబరు 11 న మొదటి వితంతువివాహము జరిపించి, వెలివేతకు లోనై, వంటవారును నీళ్లు మోయువారును రాకపోగా, ఆ పనులను దాను నెత్తికెత్తుకొనిన యిల్లాలికి భర్తతో సమముగా సమాధి యుండుట, మేము జెప్పిన యుదాహరణములన్నిటిలోను మనసునకు దృప్తి నిచ్చునది. జయంతులయందు పంతులుగారికి బూలమాలలు వేయుటయు నుచితమే. కాని మాలవేసిన చేతితోనే తనయింటి పెండ్లిలో వితంతువైన తోబుట్టువును వెనుకగదిలో గూర్చుండ నియమించువారికి ఆ సమాధి యేమి చెప్పుచున్నట్లు? గొప్పవారి గోరీలు మనము వారికిచ్చు యోగ్యతాపత్రములు గావు. మన యోగ్యతను వారడుగు ప్రశ్నపత్రములు.

కావున మా మనవి యిది. పెద్దలకు స్మారకములు వలదని మే మనము. పేరును, కాలమును, చేసినపనిని నిజముగ దెలుపు ఱాయి చాలును. మిగిలిన ద్రవ్యమును మూడు పనులకు వినియోగింపవలెను. గ్రామమున నన్ని కులములకు నొకే శ్మశానము, నడువదగిన దారితోను, నీటివసతితోను నేర్పడవలెను. దహనమునకు గట్టెలు కొనలేనివారికి సుంకము లేకుండ నవి లభింపవలెను. కన్నవారికి దుదిసంస్కారము చేయగోరిన కూతురిని శ్మశానద్వారమున నడ్డగింపరాదు. ఇందు దేనికిని గొప్ప ధనము గాని, గొప్ప పాండిత్యము గాని యక్కఱలేదు. ఈ మూడింటిలో నొక్కటియైన నీ సంవత్సరము తమ గ్రామమున బ్రారంభింపగల చదువరులు పలువు రుందురని మా నమ్మకము.